వన్ టౌన్ వీధులలో ఆయిల్ ఇంజను

కృష్ణా డెల్టా చరిత్ర వ్రాసినవారందఱును 1852లో ఆరంభమై 1855లో ముగిసిన ఆనకట్టతో మొదలిడి, దానిని నిలిపిన కెప్టెన్ ఆర్ దక్షతను, అందుకు బాటవేసిన ఆర్థర్ కాటన్ దూరదృష్టిని కొనియాడి, ఏలూరు, బందరు, రైవస్ కాలువల వెంట సాగిన పడవల రాకపోకలను వర్ణించి, 1893లో కృష్ణపై రైలు వంతెన ఏర్పడుటతో బెజవాడ పెద్ద కూడలియైన కథ చెప్పి విరమింతురు. ఆ కథ సత్యమే; కాని అందొక పాత్ర లోపించినది. నీరు పారి, పైరు పండి, ధాన్యము బస్తాలకెక్కిన పిమ్మట దానిని బియ్యముగా మార్చిన యంత్రమును గూర్చియు, ఆ యంత్రము మొరాయించిననాడు దానిని విప్పి, అరిగిన భాగమునకు బదులు మఱియొకదానిని తన చేతులతో చేసి బిగించిన పనివానిని గూర్చియు మనవారు వ్రాసినది మిక్కిలి స్వల్పము. కొండకును కాలువకును నడుమ ఇరుకు వీధులుగా అల్లుకొన్న బెజవాడ వన్ టౌన్‌లో నడచునప్పుడెల్ల నాకీ లోపమే మనసున మెదలుచుండును.

డెల్టా రైతునకు నీటికొఱకు ఇంజనుతో పనిలేదు. ఆనకట్టవద్ద మట్టమెత్తిన నీరు పల్లమునకు తానే పోవును. మెట్టసీమలలో బావినీరు తోడుటకు ఆయిల్ ఇంజను ఎంత మేలుచేయునో చూపుటకై ఇరువదవ శతాబ్ది తొలియేండ్లలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అను ఇంజనీరు మద్రాసు రాజధానిలో విస్తారముగా ప్రయోగములు చేసెను. పరిశ్రమలలో ప్రభుత్వము చేయిపెట్టరాదని 1910లో భారతమంత్రి మార్లే ప్రభువు ఆ ఉద్యమమునకు అడ్డుపడినను, ఇంజను మాత్రము ఆగలేదు. మన సీమలో దానిని పిలిచి పీటవేసినవి వడ్లు. బ్రెజిలు దేశమున పుట్టి అమెరికాలోని సిరక్యూజ్ నగరమున తయారైన ఎంగెల్‌బర్గ్ హల్లరు వచ్చి, దానిని త్రిప్పుటకు ఇంజను వచ్చి, ఊరూర బియ్యపు మిల్లు వెలసినది. అందువలన దంపుళ్లమీద బ్రతికిన ఆడువారి కూలి పోయెను. పై పొర పోయిన తెల్లని బియ్యము తినుటచే ప్రబలు బెరిబెరి వ్యాధి ఉత్తర సర్కారులలో ఎంతగా నాటుకొన్నదో మెకారిసన్ వంటి వైద్యులు పరిశోధించి చెప్పిరి. ఈ నష్టములను లెక్కలో వ్రాయక ఇంజనును పొగడుట న్యాయము కాదు.

ఆ ఇంజను పుట్టుక ఐరోపాలో. 1890లో ఆక్రాయిడ్ స్టూవర్టు అను ఆంగ్లేయుడు పేటెంటు పొందిన యంత్రమును గ్రాంథమ్‌లోని హార్న్స్‌బీ కంపెనీవారు 1892 మొదలు తయారుచేసిరి. దాని తలపై నొక గుల్ల. దీపముతో దానిని ఎఱ్ఱగా కాచిన తరువాత, లోన చిమ్మిన నూనె ఆ వేడికి అంటుకొనును. అదే 1892లో పేటెంటు కోరిన రుడాల్ఫ్ డీజిల్ ఊహ వేఱు: గాలినే గట్టిగా అదిమినచో, పుట్టు వేడికే నూనె అంటుకొనును; బయటి నిప్పు అక్కఱలేదు. 1897లో ఆగ్స్‌బర్గ్ నగరమున ఆ ఊహ కార్యరూపము దాల్చెను. 1900లో పారిస్ ప్రదర్శనమున అట్టి యొక చిన్న ఇంజను వేఱుసెనగ నూనెతో నడచినదని డీజిలే చెప్పియున్నాడు. వేఱుసెనగ పండించు మనకు ఈ సంగతి ఎందుకో తగినంతగా తెలియలేదు. తరువాత ఇంగ్లండులోని లిస్టర్ కంపెనీవారు 1929లో వెలువరించిన ఇంజను, నిమిషమునకు 600, 650 చుట్లకు మించక, భారమైన ఫ్లైవీళ్లతో నెమ్మదిగా తిరుగుచు, మన దేశమున ఎంతగా పాతుకొన్నదనగా రాజకోటలో దాని పోలికలు దశాబ్దములపాటు తయారైనవి. 1946లో పూనా చెంత కిర్లోస్కర్ వారి ఆయిల్ ఇంజనుల కర్మాగారము నెలకొన్నది.

మిల్లులో ఇంజనునకు పరమశత్రువు ఊక. వడ్ల పొట్టులో సిలికా మెండు. అది గాజువలె కఱకైనది. ఆ ధూళి గాలితోపాటు సిలిండరులో చొరబడి, రింగులను, లైనరును రాపాడి, కొన్ని సీజనులకే బోరును వెడల్పు చేయును. అప్పుడు అదుముడు తగ్గును. హేండిలు ఎంత త్రిప్పినను ఇంజను అందుకొనదు. కొత్త లైనరు ఓడమీద రావలె. రెండవ ప్రపంచయుద్ధము వచ్చి ఓడలకే గతిలేనప్పుడు, పెట్రోలు దొరకక బస్సుల వెనుక బొగ్గు పొయ్యిలు కట్టి నడిపిన ఆ దినములలో, సముద్రమావలి విడిభాగమును నమ్ముకొన్నవానికి మిల్లు మూతయే గతి. మరమ్మతుచేయువాడు తయారుచేయువాడుగా మాఱుటకు ఇట్టి అక్కఱయే కారణమైనది.

ఆ పనిలోని సూక్ష్మము నొకదానిని ఇచ్చట విప్పి చెప్పవలె. విఱిగిన భాగమును చూచి అచ్చముగా అట్టిదే పోతపోయుట సులభమని తోచును. కాని ఆ పాత భాగమునే ఇసుకలో అద్ది అచ్చు తీసినచో, కరగిన పోత ఇనుము చల్లారుచు అడుగునకు అంగుళములో ఎనిమిదవ వంతు చొప్పున కుదించుకొనును; అంతకుముందే అరిగియున్న నమూనా, అందుపై ఈ కుదింపు, ఆపై లేతుమీద తరిగివేయవలసిన పొర, ఈ మూడును కలిసి ఆ వస్తువును ఎందుకును కొఱగాని పొట్టిదానిగా చేయును. కనుక నమూనాపై మైనమో కాగితమో అంటించి, ఏ ముఖము ఎంత లావుగా ఉండవలెనో ముందే లెక్కగట్టి, అప్పుడు అచ్చుపెట్టెలో ఇసుక దట్టింతురు. ఏ పుస్తకమును చదువనివాడు మనసులోనే కట్టు ఈ లెక్కను నేను విద్యయనియే అందును. దానికి వేఱు పేరు పెట్టుట మనలోని కులాభిమానమునకును డిగ్రీల మోజునకును చిహ్నము.

ఇట్టి చేతిపనికి విద్యాలయమున పీఠము వేయవలెనన్న తలంపు మన సీమకు కొత్తది కాదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు 1910లో బందరున నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాల చదువుతోపాటు చేతివృత్తులను నేర్పినది. ఆ బందరులోనే 1926లో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ శాస్త్రోపకరణముల తయారీలో పేరుగాంచి, 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో కలిసినది. మన పొలిమేర దాటి కోయంబత్తూరు వైపు చూచినచో, తెలుగు కుటుంబమున పుట్టిన జి.డి. నాయుడుగారు (1893–1974) ఒక ఆంగ్లాధికారి మోటారు సైకిలును కొని, దాని నట్లు విప్పి, మరల కూర్చి యంత్రవిద్యలో అడుగిడినట్లు ప్రసిద్ధి. విప్పి చూచుటయే ఆయనకు తొలి గురువు.

యంత్రవిద్యకు పరాకాష్ఠ ఏదియని నన్నడిగినచో, పెద్ద ఇంజనును కాక, అరచేతిలో నిలుచు చిన్న డీజిలును చూపుదును. స్విట్జర్లాండున పుట్టిన ఈ తరహా ఇంజను, 1940వ దశకమున నమూనా విమానములు ఎగురవేయు ఔత్సాహికుల చేతికి వచ్చి, యుద్ధానంతరము ఇంగ్లండున విరివిగా వ్యాపించినది. మన దేశమున ఎన్.సి.సి. వైమానిక విభాగపు కుఱ్ఱవాండ్రు పలువురు దీని చప్పుడు ఎఱుగుదురు. సిలిండరు వ్యాసము 11 మి.మీ., పిస్టను నడక 10.5 మి.మీ. అయినచో దాని పరిమాణము సుమారు 1 ఘన సెంటీమీటరు. ప్లగ్గు లేదు, నాజిలు లేదు, పిస్టనుకు రింగులు సైతము లేవు. ఈథరు, కిరసనాయిలు, ఆముదము సమభాగములుగా కలిపిన ఇంధనము గాలితోపాటే లోనికి పోవును. అదిమినప్పటి కొద్దిపాటి వేడికే ఈథరు అంటుకొనును, కిరసనాయిలు బలమిచ్చును, ఆముదము ఆ వేడికి ఓర్చి రాపిడి నడ్డును. మన చేల గట్లపై పెరుగు ఆముదము స్విట్జర్లాండు యంత్రమునకు ప్రాణాధారమైనది!

రింగులు లేనందున అదుముడంతయు పిస్టను సిలిండరుల పొందికపైననే ఆధారపడియుండును. వాని నడుమ సందు తలవెంట్రుక మందములో ఇరువదవ వంతు మాత్రము. ఏ చిన్న లేతు మిషనును ఇంత సన్నని కొలతను తానుగా ఈయజాలదు. ఉక్కు లైనరును తరిగి, ద్వారములు కోసి, చీలిక గల ఇత్తడి కడ్డీకి ఎమరీ పొడి, నూనె పూసి, లోపలి గోడను గంటలకొలది రుద్దవలె. అదియు పైభాగమున కాసింత బిగువుగా, క్రిందిభాగమున వదులుగా ఉండునట్లు రుద్దవలె. పోత ఇనుప పిస్టనును కడిగి తుడిచి, నూనె చుక్క వేసి, వ్రేలితో క్రిందినుండి నెట్టినచో అది సగము దూరము అడ్డులేక జాఱి, పైకి పోయినకొలది బిగిసి, చివఱ నిలువవలె. నెట్టు వ్రేలికే ఆ తేడా తెలియును; కంటికి తెలియదు. పైన మఱియొక చిన్న పిస్టను మూతవలె కూర్చుండును. తలపై స్క్రూ త్రిప్పినచో అది దిగి అదుముడు పెరుగును. ఇంధనము ఎక్కువై నిండియుండగా స్క్రూ బిగించి బలవంతముగా త్రిప్పినచో, ద్రవము అదుమబడదు గనుక, కనెక్టింగ్ రాడ్డు వంగిపోవును. స్క్రూ కొంచెముకొంచెముగా దింపుచు పంకా త్రిప్పి, మొదటి పేలుడు వినగానే ఆగి, ఇంజను వేడెక్కినకొలది స్క్రూను సడలింపవలె. ఈథరు ఆవిరి ఇట్టే అంటుకొనును; కావున దీపము దగ్గఱ లేని, గాలి ఆడు చోటనే ఈ పని చేయవలె.

1960వ దశకమున బెజవాడ నగరమునకు తూర్పున ఆటోనగరు వెలసి, వర్క్‌షాపులకు విశాలమైన తావు దొరకినది. మిల్లులకు కరెంటు మోటార్లు అమరినవి. నిదానపు ఇంజనులు పాత ఇనుము తూకమునకు పోయినవి. 1887 నాటి విక్టోరియా జూబిలీ భవనమున, నేటి బాపు మ్యూజియమున, ఆదిమానవుని రాతి పనిముట్లు భద్రముగా ఉన్నవి. ఆ పనిముట్ల సరసన ఒక లిస్టరు ఇంజనును, మైనపు ముద్దలు అంటిన నమూనాలను, అచ్చుపెట్టెను ఉంచవలెనని నా కోరిక. పాలిటెక్నిక్ విద్యార్థి చేత ఒక ఘన సెంటీమీటరు డీజిలును ఆదినుండి చేయింపవలె. అది నేర్పుటకు పాత టర్నరును, అతని కడ డిగ్రీ లేకున్నను, పిలిచి జీతమిచ్చి కుర్చీ వేయవలె. ఆ చేతులు ఇంకను పనిచేయుచున్నప్పుడే ఇది జరుగవలె.