విశాఖపట్టణపు పాతవీథి

పూడూరు వాడనగు నేను సముద్రతీరమును గూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా తోపవచ్చును. మన వికారాబాదు సీమకు సముద్రము మిక్కిలి దూరము. మన మెఱిగిన నీరు చెఱువు నీరు, బావి నీరు, అనంతగిరి కొండలలో పుట్టి భాగ్యనగరము మీదుగా కృష్ణను చేరు మూసీ నీరు. ఐనను నేడు సముద్రము మన గడపకే వచ్చినది.

మన పూడూరు మండలములోని దామగుండము అడవిలో భారత నౌకాదళమువారి రేడియో కేంద్రమునకు 2024వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన శంకుస్థాపన జరిగినది. దానికై కేటాయించిన అటవీభూమి సుమారు 2,900 ఎకరములు. సముద్రగర్భమున సంచరించు జలాంతర్గాములకు వార్తలు పంపుట దాని పని. సామాన్యపు రేడియో తరంగము లుప్పునీటిలోనికి చొరజాలవు. మిక్కిలి తక్కువ పౌనఃపున్యము గల దీర్ఘతరంగములు మాత్రము కొన్ని మీటర్ల లోతువఱకు చొచ్చుకొనిపోవును. ఇట్టి కేంద్రము నౌకాదళమునకు తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతమున 1990 నుండి కలదు, మనది రెండవది. ఈ పనిని చేపట్టిన తూర్పు నౌకాదళమునకు ముఖ్యస్థానము విశాఖపట్టణము.

ఆ విశాఖపట్టణమున, నా కుమారుని యుద్యోగమువలన, నేను రెండేండ్లు కాపురముంటిని. తిరిగి వచ్చిన పిమ్మట మన రచ్చకట్టపై పెద్దలు నన్నొక ప్రశ్న యడిగిరి: “పంతులూ, ఓడలవాళ్లు దిగిన ఊరు ఎట్లుంటది? అక్కడి చిన్నోళ్లు ఎట్ల బతికిన్రు?” ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరమే నేటి నా ప్రసంగము.

విశాఖకు పోవు యాత్రికులు రామకృష్ణా తీరమును, కైలాసగిరిని, 2002 నుండి ఒడ్డున ప్రదర్శనకు నిలిపిన కురుసురా యను జలాంతర్గామిని చూచి, అరకులోయకు పోయి వత్తురు. మేమున్న యిల్లు ఆ దారిలో లేదు. అది పాతపట్టణమున, కోటవీథి ప్రాంతమున, రెండు గదుల పెంకుటిల్లు. ముందఱ నొక అరుగు. నాలుగిండ్లవారికి ఒక్కటే కుళాయి. ఉప్పుగాలికి కిటికీ ఊచలు త్రుప్పుపట్టి పొరలు పొరలుగా రాలెడివి. రేవునుండి ఓడకూత వినబడినపుడు గోడమీది కాకులు లేచెడివి. నన్నిచట “పంతులు” అందురు. అచట “మాస్టారు” అనిరి. జొన్నరొట్టెకు అలవాటుపడిన నా కడుపు ఆ వరియన్నమునకును చేపల వాసనకును లొంగుటకు మూడు మాసములు పట్టినది.

ఆ వీథిలో అడుగిడిన మొదటి దినముననే నాకొక సందేహము కలిగినది. కోటవీథి యని పేరు, కోట యెక్కడ? ఆ ప్రక్కనే బురుజుపేట, బురుజెక్కడ? అడిగినవారెల్లరు నవ్విరి. కోటయు బురుజును పోయినవి, పేర్లు నిలిచినవి. ఆ పేర్లను పట్టుకొని నేను చరిత్రలోనికి దిగితిని.

ఆ తీరమును మన సీమయు ఒకప్పుడు గోలకొండ సుల్తానుల యేలుబడిలోనివే. వారి కాలముననే, 1682 ప్రాంతమున, ఆంగ్లేయ వర్తకు లచట కోఠీ నెలకొల్పిరి. 1687లో గోలకొండ ఔరంగజేబునకు చిక్కినది. 1689లో మొగలు సేనలు విశాఖలోని ఆ కోఠీపై బడి అచటి ఆంగ్లేయులను కొందఱిని చంపిరి. పిమ్మట కోఠీ కోటగా పెరిగినది. 1753లో నిజాము సలాబతుజంగు ఉత్తరసర్కారులను తన ఫ్రెంచిసేన జీతములకై బుస్సీకి ఒప్పగించెను. 1757లో బుస్సీ విశాఖకోటను పట్టుకొనెను. మఱుసటి యేడు డిసెంబరులో చందుర్తి యుద్ధమున ఫ్రెంచివా రోడిపోయిరి. 1765లో ఢిల్లీ చక్రవర్తి ఫర్మానాతోను, 1766, 1768 సంవత్సరములలో నిజాముతో జరిగిన ఒడంబడికలతోను ఆ తీరము కుంపిణీవారి పరమైనది. మన పూడూరు నిజాము క్రిందనే నిలిచినది.

చూచితిరా! మనలను వారిని వేఱుచేసినది కొండ కాదు, నది కాదు. జీతపు బాకీకై వ్రాసిన కాగితము. ఆ కాగితమును వ్రాసినవారు దక్కనులో నుండిరి; దాని ఫలము ననుభవించినవా రా వీథులలో నుండిరి. వీథిలోనివారిని ఎవరును అడిగినది లేదు.

అడుగకుండుట యెట్టి ఫలమిచ్చునో 1780లో కొంత తెలిసినది. హైదరాలీతో యుద్ధమునకై మద్రాసుకు ఓడలో పొమ్మని విశాఖలోని సిపాయిలకు ఉత్తరువైనది. ఆ అక్టోబరు 3వ తేదీన వారు ఓడ నెక్కుటకు నిరాకరించి తిరుగబడిరి. 1857 నాటి సిపాయిల సమరమునకు అది 77 ఏండ్లు ముందు. ఆ సిపాయిల పేర్లు మన పాఠపుస్తకములలో నేను బోధించిన ముప్పది యేండ్లలో ఒకటియు కానరాలేదు.

పేర్లు కానరానివారు మఱికొందఱు కలరు. పదునెనిమిదవ శతాబ్దమున విశాఖపట్టణపు దంతపుపని దేశాంతరములలో ప్రసిద్ధి చెందినది. అచటి కంసాలులు దంతమును పలుచని రేకులుగా కోసి, లతలను చెక్కి, కుర్చీలకును పెట్టెలకును పొదిగెడివారు. ఆ వస్తువులు నేడు లండను నగరపు ప్రదర్శనశాలలలో నున్నవి. వానిని చేయించుకొనిన దొరల పేర్లు తఱచుగా తెలియుచున్నవి. చేసిన చేతుల పేర్లు తెలియుట అరుదు.

ఇక రేవు సంగతి. పూర్వము ఓడలు దూరమున లంగరు వేసి నిలిచెడివి. జాలరులు మేకు లేక నారతో కుట్టిన మసూలా పడవలపై అలలను దాటి మనుష్యులను, సరకులను దింపెడివారు. మేకు కొట్టిన పడవ అలతాకిడికి పగులును. కుట్టిన పడవ వంగి నిలుచును. మధ్యపరగణాల మాంగనీసు మొదలగు ఖనిజములను ఎగుమతి చేయుటకై బంగాళ-నాగపురపు రైల్వేవారు లోపలి రేవును త్రవ్వించిరి. ఇసుక మేటవేయకుండ రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముఖద్వారమున ముంచిరి. 1933వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన జలదుర్గ యను ఓడ ఆ రేవులోనికి వచ్చినది. దేశమునకు మేలైనది, కుట్టుపడవలవారి పని పోయినది. ఓడ గోడప్రక్కకే వచ్చినపుడు పడవతో పనియేమి?

1941 జూను 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదుగారు సింధియా నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసిరి. 1942 ఏప్రిలు 6వ తేదీన జపానువారి విమానములు విశాఖపై బాంబులు వేసినవి. జనులు పిల్లలను చంకబెట్టుకొని పల్లెలకు పరుగిడిరి. రేవును నౌకాశాలయు ఉండబట్టియే ఆ బాంబులు పడినవని మా వీథిలో నేటికిని తాతలు చెప్పగా విన్నవారు కలరు. 1948 మార్చి 14వ తేదీన, స్వతంత్రభారతమున, జవహర్లాలు నెహ్రూగారు జల ఉష యను ఓడను సముద్రములోనికి విడిచిరి. 1968లో తూర్పు నౌకాదళ ముఖ్యస్థాన మచట నెలకొనినది. 1971 డిసెంబరులో పాకిస్తానువారి ఘాజీ యను జలాంతర్గామి ఆ రేవు ముందఱనే మునిగినది. రేవు గల ఊరికి వ్యాపారముతోపాటు శత్రువు దృష్టియు వచ్చును.

1901 జనాభా లెక్కలలో విశాఖపట్టణ జనులు 40,892. 2011లో, విస్తరించిన నగరమునకు, 17 లక్షల 28 వేలు. ఈ పెరుగుదల యంతయు ఎవరి భూమిపై జరిగినది? కొంత బీడు, కొంత కొండ, కొంత ఊళ్లు. అట్టి ఊరివారలలో ఒక ముసలమ్మ మా యరుగుపై కూర్చుండి ఎండుచేప లమ్మెడిది. ఏ పనికై ఆమె ఊరు తీసిరో ఇచట అనవసరము. ఒకనాడు, “అమ్మా, మీదే ఊరు?” అని అడిగితిని. ఆమె యనినది: “ఊరు నేదు మాస్టారూ, పేరుంది. నానున్నంత కాలవే ఆ పేరుంటాది.” పిమ్మట తన ఊరి బావుల పేర్లు, చెక్కల పేర్లు, గ్రామదేవత పేరు, ఆ గుడికి పోవు దారిలోని చింతచెట్టు పేరు వరుసగా చెప్పినది. నేను పలకాబలపము పట్టినవాడను గాన, ఇంటిలోనికి పోయి కాగితము తెచ్చి, ఆ పేర్లన్నియు వ్రాసికొంటిని. వ్రాసిన కాగితమును రెండు ప్రతులు చేసి ఒకటి ఆమెకిచ్చితిని. చదువురానిదయ్యు ఆమె దానిని కొంగున ముడివేసికొనినది.

ఇంకొక సంగతియు చెప్పవలెను. లేనిచో న్యాయము కాదు. భీమునిపట్టణము దారిలో తొట్లకొండ యను బౌద్ధారామము కలదు. నౌకాదళమువారు స్థావరమునకై విమానముపై నుండి స్థలమును పరిశీలించుచుండగా ఆ శిథిలములు బయటపడినవి. 1988 మొదలు 1993 వఱకు పురావస్తుశాఖవారు త్రవ్వి, రెండువేల యేండ్లనాటి స్తూపమును, విహారములను, నీటితొట్లను వెలికి దీసిరి. నేడది రక్షితస్థలము. కావున అధికారు లెల్లపుడు పాతదానిని తుడిచివేయుదురనుట సత్యము కాదు. గుఱుతు కనబడినచోట రక్షణ కలుగుట కవకాశము కలదు. గుఱుతు లేనిచోట ఎవరు రక్షింతురు?

మా బురుజుపేటలోనే మఱియొక నిదర్శనము. కనకమహాలక్ష్మి అమ్మవారి కచట గర్భగుడిపై కప్పు లేదు, ఆకాశమే కప్పు. కులమడుగక ఎవరైనను స్వయముగా పూజచేసికొనవచ్చును. మార్గశిరమాసమున గురువారములందు జనసముద్రమే వచ్చును. కోట పోయినను, రాజులు పోయినను ఆ పేట నిలుచుటకు కారణ మా తల్లియు, ఆ తల్లిని విడువని జనులును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఆ నగరమును పెల్లగించినపుడు, కరెంటు లేని దినములలో, ఆ వీథివారు ఒకే పొయ్యిమీద పదియిండ్ల వంట చేసికొనిరని విన్నాను. ఏటేట ఏప్రిలు 15 నుండి జూను 14 వఱకు యంత్రపుపడవల వేటకు నిషేధము. ఆ రెండు నెలలు జాలరి యిండ్లకు అప్పు పెట్టునది ఆ వీథిలోని చిన్న అంగడియే. మన కఱవునాటి చేబదుళ్లకును దానికిని భేదము లేదు.

అయ్యలారా, దామగుండముపై మనలో రెండు తలంపులు కలవు. దేశరక్షణకు కేంద్రము కావలెనని కొందఱు. అడవి తఱిగినచో వానకును మూసీ పుట్టుకకును హాని యని కొందఱు. దేశరక్షణ మనది, అడవియు మనదే. నేనొక పక్షమున తీర్పు చెప్పుటకు రాలేదు. విశాఖ పాతవీథిలో నేర్చిన పాఠమును మాత్రము విన్నవించుచున్నాను. రేవు వచ్చెనా, కోట వచ్చెనా, తరంగము వచ్చెనా, నిర్ణయము దూరమున జరుగును. మనచేతిలో నున్నది మన యెఱుక. దామగుండము రామలింగేశ్వరస్వామి దర్శనమునకు అడ్డుండదని చెప్పిరి, మంచిది. ఐనను ఏ దారిన పోవుదుమో, ఏ దినములలో పోవుదుమో, ఆ కోనేరు ఎవరు పూడికతీసిరో, పసుల బాట యెక్కడిదో, ఏ వాగు ఏ చెఱువులో కలియునో, ఇవి యన్నియు మన ముసలివారి నోళ్లయందే యున్నవి. నోటిమాట ఎదుట కాగితము గెలుచును. 1753లో అదియే జరిగినది, నేడును అంతియే.

కావున నా ప్రార్థన యొక్కటే. ఈ మాఘమాసము దాటకముందే ప్రతి ఊరివారును ఒక పుస్తకము కొని, పెద్దలను కూర్చుండబెట్టి, చెప్పించి, చదువుకొనిన పిల్లలచేత వ్రాయింపుడు. పొలముల పేర్లు, బావుల పేర్లు, వాగుల పేర్లు, దేవతల పేర్లు, బాటల హద్దులు. ఒక ప్రతి పంచాయతీలో, ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి గుడిలో ఉంచుడు. పూడూరు పుస్తకమును నేను మొదలుపెట్టితిని. మొదటి పుటలో మన ఊరిపేరు కాక, ఆ ముసలమ్మ ఊరి బావుల పేర్లు వ్రాసితిని. ఆమెకు మాట యిచ్చితిని గనుక.