అరచేతిలో కలిపిన రంగు

ఫేర్‌వెల్ సాయంత్రం ఓయూ లేడీస్ హాస్టల్లో ఏ గదిలో తొంగిచూసినా ఒకటే సందడి. అద్దం ఒకటి, మొహాలు ఆరు. చామనఛాయ పిల్ల స్నేహితురాలి ఫౌండేషన్ అరువు తెచ్చుకుని రాసుకుంటుంది. "ఏందే, విభూతి పూసుకున్నట్టున్నవ్!" అని పక్కమంచం నుంచి నవ్వు. ఇంకొకామె ముదురు రంగు ట్యూబు తెస్తుంది. రెండూ అరచేతిలో వేసి, కాస్త ఎర్ర లిప్‌స్టిక్ గీకి కలిపి రాస్తే బూడిదతనం పోయి మొహం మొహంలా కనిపిస్తుంది. నల్లని ఒంటికి నప్పే రంగులు మొదట పుట్టింది ఇలాంటి అరచేతుల్లోనే.

ఆ బూడిదతనం ఎక్కడిది? ఫౌండేషన్‌లో ఉండేవి ముఖ్యంగా నాలుగు రంగులు. తెలుపుకు టైటానియం డయాక్సైడ్, ఎరుపు, పసుపు, నలుపులకు ఐరన్ ఆక్సైడ్లు. లేత షేడ్‌లో తెలుపు పాలు ఎక్కువ. నల్లరాతి మీద పల్చటి మజ్జిగ ఒలికితే నీలంగా కనిపిస్తుంది చూడండి, నల్లని చర్మం మీద ఆ తెలుపు పనీ అంతే. పోనీ అదే షేడ్‌లో నలుపు కలిపితే? మట్టిరంగు రాదు, మసిరంగు వస్తుంది. ఎరుపూ పసుపూ కూడా పెంచాలి. ఆ లెక్క కట్టే ఓపిక కంపెనీలకు చాలాకాలం లేకపోయింది.

అమెరికాలో 1958లో 'ఎబొనీ' పత్రికవాళ్లు ఊరూరా ఫ్యాషన్ ప్రదర్శనలు మొదలుపెట్టారు. నల్లజాతి మోడళ్లు తమ ఒంటికి సరిపోయే ఫౌండేషన్ దొరక్క తెర వెనుక సీసాలు కలుపుకునేవారు. అది ఆ పత్రిక నడిపే దంపతుల్లో ఒకరైన యూనిస్ జాన్సన్ కళ్లబడింది. ఉన్న కంపెనీలను అడిగితే ముందుకు రాలేదు. చివరికి ఆ దంపతులే 1973లో 'ఫ్యాషన్ ఫెయిర్' పేరుతో సొంత సరుకు తెచ్చారు.

ఇంకో కలయిక మన ఇంటిపేరున్న అమ్మాయిది. టెక్సస్‌లో పెరిగిన దీపికా ముత్యాల 2015లో ఒక యూట్యూబ్ వీడియో పెట్టింది. అందులో కంటి కింద నల్లటి వలయాల మీద ఎర్ర లిప్‌స్టిక్ రాసి, దానిపై కన్సీలర్ అద్దింది. కోటిసార్లకు పైగా చూశారు జనం. చూడ్డానికి వింతే గానీ ఇది మన చాకిరేవు విద్యే. తెల్లబట్టకు పట్టిన పసుపును నీలిమందు విరుస్తుంది. గోధుమరంగు చర్మం మీది నీలినీడను నారింజ, ఎరుపు విరుస్తాయి. 2019లో ఆమె సంస్థ 'లైవ్ టింటెడ్' ఆ కిటుకునే 'హ్యూస్టిక్'గా అమ్మకానికి పెట్టింది. అంతకు రెండేళ్ల ముందే, 2017లో, రిహానా 'ఫెంటీ బ్యూటీ' ఏకంగా 40 షేడ్లతో వచ్చి మిగతావాళ్లను ఉలికిపడేలా చేసింది.

అన్ని షేడ్లెందుకని అడిగేవాళ్లకు జవాబు తార్నాక నుంచి ఉప్పల్ దారిలోనే ఉంది. హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త కె. తంగరాజ్ పాలుపంచుకున్న అంతర్జాతీయ అధ్యయనం 2013లో వెలువడింది. ఇంచుమించు ఒకే మూలాలున్న 1,228 మంది దక్షిణాదివారి చర్మపు ఛాయను పరికరంతో కొలిచారు. వారిలో కనబడిన తేడాల్లో దాదాపు 27 శాతానికి ఎస్ఎల్‌సీ24ఏ5 అనే జన్యువులోని ఒక్క అక్షరం మార్పు కారణమని తేలింది. ఒక్కచోటివారిలోనే అన్ని ఛాయలుంటే, మనందరికీ కలిపి 'డస్కీ' అని ఒక్క సీసా చూపిస్తే ఎలా?

అందుకే తార్నాకలో కొనబోతే ముంజేతి మీద గీసి చూడకండి. దవడ అంచున మూడు షేడ్లు పక్కపక్కన గీయించుకుని, పది నిమిషాలాగి, షాపు లైట్ల కింద నుంచి మెట్లు దిగి ఎండలోకి రండి. ఏ గీత ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుందో అది మీది. మూడూ కనబడుతున్నాయా? రెండు ట్యూబులు కొనుక్కోండి. అరచెయ్యి ఉండనే ఉంది.