డబ్బాలోంచి డాబా మీదకి

1770లో లండన్‌లో జాన్ ఎల్లిస్ అనే వర్తకుడు ఓ చిన్న పుస్తకం వేశాడు. ఈస్టిండీస్ లాంటి దూరదేశాల నుంచి మొక్కల్ని ఓడల్లో చావకుండా తేవడం ఎలా అన్నది దాని విషయం. ఆ సూచనల వెనక అనుబంధంగా అమెరికా నుంచి వచ్చిన ఓ కొత్త మొక్క బొమ్మా వర్ణనా ఉన్నాయి. అదే ఈగల్ని పట్టే వీనస్ ఫ్లైట్రాప్. ఈ మొక్కని చూసి ఆశ్చర్యపోవడమూ, దీన్ని పరాయిచోట బతికించే తంటా ఒకే అట్టల మధ్య మొదలయ్యాయన్నమాట.

1829లో వార్డ్ అనే లండన్ డాక్టరు మూత వేసిన సీసాలో ఫెర్న్ మొలవడం గమనించాడు. నాలుగేళ్లకి అతని గాజుపెట్టెల్లో మొక్కలు సిడ్నీ దాకా ప్రాణాలతో వెళ్లాయి. పెట్టెలో తేమ పోదు, గాలి కొట్టదు. అయితే అలాంటిచోట వేసిన ఆకు మెత్తగా ఉంటుంది. ఒక్కసారిగా ఎండలో పెడితే మాడిపోతుంది.

ఇవాళ ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే గోపాలపట్నానికి ప్లాస్టిక్ డబ్బాలో వచ్చే మొక్కదీ అదే కథ. మూత రోజూ కాస్త కాస్త తెరవాలి. వారం పోయాక గ్రీన్ నెట్ కింద పెట్టి, పొద్దుటెండ గంటతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. లవణాలుండే బోరునీళ్లు వద్దు, వాననీళ్లు పట్టి పొయ్యాలి. ఎరువు అసలే వద్దు. పాత ఆకులు ఎండితే కంగారు పడక్కర్లేదు. డాబా మీద పుట్టిన కొత్త ఆకు ఎలా ఉందన్నదే లెక్క.

నెపంథిస్ సంకరజాతి వెంట్రాటా అయితే ఇలా రెండుమూడు వారాల్లో సర్దుకుంటుంది, మన ఉక్కపోత దానికి పెద్ద ఇబ్బంది కాదు. ఫ్లైట్రాప్‌తోనే చిక్కు. దాని సొంతూరు కరోలినా తీరపు చిత్తడినేలలు. అక్కడ చలికాలంలో మంచు పడుతుంది, మొక్క మూడునాలుగు నెలలు నిద్రపోతుంది. మన డిసెంబరులో మనం ఫ్యాను తగ్గిస్తాం గానీ, దాన్ని చలికాలమంటే ఆ మొక్క ఒప్పుకోదు. ఎండని ఓపిగ్గా అలవాటు చెయ్యొచ్చు, లేని చలిని ఎలా అలవాటు చేస్తాం? అందుకే కొందరు దాన్ని ఫ్రిజ్‌లో పెడతారు. అంటే మళ్లీ డబ్బాలోకే.

విక్టోరియన్ ఇంగ్లండువాళ్లు దీన్నే తిరగేసి చేశారు. ఉష్ణమండలమంటే ఉడుకే అనుకుని, చల్లటి కొండల ఆర్కిడ్లని వేడి గాజుగదుల్లో పెట్టి వేలల్లో చంపుకున్నారు. మొక్క ఏ దేశానిదో చూశారు గానీ, ఏ ఎత్తుదో అడగలేదు.

కొనేముందు మనం అడగాల్సింది కూడా అలాంటిదే: దీని చలికాలం ఎలాంటిది? మన తూర్పు కనుమల్లో కూడా కీటకాహార మొక్కలున్నాయి. డ్రోసిరా ఇండికా, డ్రోసిరా బర్మాని వానలకి తడిసిన నేలలో జిగురుచుక్కలతో పురుగుల్ని పట్టుకుంటాయి. వాటికి ఎండని ఎవరూ అలవాటు చెయ్యక్కర్లేదు. కనబడితే తవ్వి తెచ్చుకోకండి, వంగి చూసి రండి.