పీనసమునకు పింఛను

పడిశము పది రోగముల పెట్టని మన సామెత. ఐనను పడిశమును రోగముగా ఎంచువారు అరుదు. అమెరికాలో మాజీ సైనికుల అంగవైకల్య భృతి చరిత్రమున ముక్కు వ్యాధులకు పట్టిన గతియు ఇదియే. తెగిన చేయి తనకు తానే సాక్ష్యము. మూసుకొనిపోయిన ముక్కునకు వేరు సాక్ష్యము కావలెను.

1862 నాటి పింఛను శాసనము, అంతర్యుద్ధమున పూర్తిగా అశక్తుడైన సామాన్య సైనికునకు నెలకు 8 డాలర్లు నిర్ణయించినది. వైకల్యము కొలువు మూలముననే కలిగినదని నిరూపించు భారము మాత్రము అతనిదే. 1933లో రూజ్వెల్టు అధ్యక్షుని ఉత్తరువుచే అప్పీళ్ల బోర్డు ఏర్పడినది. ఆ యేటి శాసనమే భృతి విషయమున న్యాయస్థానముల తలుపు మూసినది. శాఖయే ప్రతివాది, శాఖయే తీర్పరి! 1988లో ప్రత్యేక న్యాయస్థానమునకు శాసనము పుట్టువరకు, అనగా 55 సంవత్సరములు, ఇట్లే సాగెను. 1990లో గిల్బర్టు కేసున ఆ న్యాయస్థానము, ఇరువైపుల సాక్ష్యము సరితూగినచో గెలుపు సైనికునిదేయని స్పష్టపరచెను. మన సుప్రీం కోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసున, చేరునాడు నమోదు కాని వ్యాధిని కొలువువలన వచ్చినదిగానే భావింపవలెనని పలికినదియు ఈ త్రోవలోనిదే.

కాని పీనసము విషయమున త్రాసు సరితూగుటయే దుర్ఘటము. సైనికుని వైద్యపత్రమున ఏనాడో 'జలుబు' అని ఒక్క ముక్క యుండును. పదేండ్లకు పిమ్మట వైద్యుడు పుప్పొడియో, పొగాకో కారణమనును. 1996లో అమలునకు వచ్చిన పట్టిక ప్రకారము, ముక్కు రెండు ప్రక్కల సగమునకు మించి మూసుకొనినచో నూటికి 10 వంతుల వైకల్యము. లోపల కండ పెరిగినచో 30. పీనసము తీవ్రముగా వచ్చినదని లెక్కింపబడుటకు రోగి పడక పట్టవలెను, వైద్యుడు చికిత్స చేయవలెను. ఇంట ఆవిరి పట్టుకొని ఓర్చుకొనినవాని బాధ ఆ లెక్కలోనికి రాదు. కచేరీ కాగితములతో పరిచయమున్నవారికి ఇందలి చిక్కు విదితమే.

మార్పు తెచ్చినది ఇరాకు, ఆఫ్ఘనిస్తానములందలి పొగ. బలద్ వంటి స్థావరములలో ప్లాస్టిక్కు, బ్యాటరీలు, ఆసుపత్రి చెత్త గోతులలో పోసి విమానపు ఇంధనముతో కాల్చిరి. 2021 ఆగస్టులో శాఖవారు, ఆ ప్రాంతములందు పనిచేసినవారికి కొలువు విడిచిన పదేండ్లలోపల వచ్చిన దీర్ఘకాలిక పీనసమును, ముక్కువాపును, ఉబ్బసమును కొలువువలన వచ్చినవిగానే భావింప నిశ్చయించిరి. 2022 ఆగస్టు శాసనము ఆ పదేండ్ల గడువును తొలగించినది. పూర్వము త్రోసివేయబడినవారు మరల అర్జీ పెట్టుకొనవచ్చును. కాని తొలి అర్జీ నాటినుండి బాకీ సాధారణముగా రాదు.