‘కట్’, ‘కోత’, ‘ఆనకట్ట’: ఒక ఆంగ్ల క్రియ తెలుగు చరిత్ర

ఆంగ్ల క్రియ ‘కట్’ తెలుగులోకి రెండు మార్గాల్లో ప్రవేశించింది. మొదటిది ధ్వనిమార్గం. విజయవాడ గవర్నర్‌పేట వంటి వ్యాపారకేంద్రాల వ్యవహారంలో ‘ఫోను కట్ చేశాడు’, ‘ఫోను కట్టయింది’, ‘ఆటో కట్ కొట్టింది’ అన్నవి సాధారణ ప్రయోగాలు. ఆంగ్ల ధాతువు ఇక్కడ క్రియాప్రత్యయాలను నేరుగా గ్రహించదు. నామంగా నిలిచి ‘చేయు’, ‘అవు’, ‘కొట్టు’ల తోడుతో క్రియ అవుతుంది. సకర్మక, అకర్మక భేదాన్ని చూపేది తెలుగు క్రియే.

రెండవది అర్థమార్గం. డెల్టా రైతుకు ‘కోత’ అంటే వరికోత. ఏటి ఒడ్డువాసికి గట్టు కోత. పత్రికలు దానికి ‘విద్యుత్ కోత’, ‘నిధుల కోత’ అనే అర్థాలను చేర్చాయి. రూపం దేశ్యమే, అర్థవిస్తరణకు ఆధారం ఆంగ్ల ప్రయోగం.

దీనికి విలోమమైన ఉదాహరణ కూడా ఈ ఊళ్లోనే ఉంది. 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్టను ఆంగ్లేయులు ‘ఆనికట్’ అన్నారు. తమిళ ‘అణైక్కట్టు’ నుంచి ఏర్పడిన ఆ మాట వర్ణక్రమంలో, నిర్మాణార్థకమైన ‘కట్టు’ ఛేదనార్థకమైన ‘కట్’ రూపాన్ని ధరించింది.

‘కట్’ను అన్యదేశ్యమని విడిచి, ‘కోత’ను దేశ్యమని మాత్రమే స్వీకరించే నిఘంటువు ఈ చరిత్రలో సగమే చెబుతుంది. పదం పుట్టుకతో పాటు అర్థం పుట్టుకనూ నమోదు చేయడం నిఘంటుకర్తల బాధ్యత.