శబ్దశాస్త్రాచార్యులు - కల్పితలోకములు

విశ్వవిద్యాలయాచార్యుని జీవితమును గణించుటకు లోకమున నొక కొలత యున్నది. ఎన్ని గ్రంథములు పరిష్కరించెను, ఎన్ని వ్యాసములు ప్రకటించెను, ఏ పీఠమున నెన్నియేండ్లు కూర్చుండెను అనుటయే యా కొలత. దానికి లొంగని కృషి చేసిన యాచార్యులు కొందఱు గలరు. వారు తాము బోధించిన శాస్త్రమునే మూలధనముగాఁ బెట్టి లేని భాషలను, లేని లోకములను నిర్మించిరి. ఇది శాస్త్రమునకు నష్టమా, లాభమా యను ప్రశ్నను కొందఱి చరిత్రములను బట్టి యిచట విచారింతును.

ఇట్టివారిలో మొదట నెన్నఁదగినవారు జె. ఆర్. ఆర్. టోల్కీనుగారు. వీరు 1892వ సంవత్సరమున దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటీను నగరమున జన్మించి, ఇంగ్లండులోఁ బెరిగి, 1915లో ఆక్స్‌ఫర్డున ఆంగ్లభాషాసాహిత్యములందు ప్రథమశ్రేణి నుత్తీర్ణులైరి. వెంటనే సైన్యమునఁ జేరి, 1916లో సొమ్ రణరంగమును జూచిరి. యుద్ధానంతరము ఆక్స్‌ఫర్డు ఆంగ్లనిఘంటువు కార్యాలయమున డబ్ల్యూ అక్షరముతో మొదలగు పదముల వ్యుత్పత్తులు శోధించిరి. 1920లో లీడ్సు విశ్వవిద్యాలయమున రీడరై, 1924లో నాచార్యులైరి. 1925 మొదలు 1945 వఱకు ఆక్స్‌ఫర్డున ప్రాచీనాంగ్లభాషాచార్యులుగను, అటుపిమ్మట 1959 వఱకు ఆంగ్లభాషాసాహిత్యాచార్యులుగను ఉండిరి.

ఇంతటి పీఠము నధిష్ఠించినవారు ప్రకటించిన శాస్త్రగ్రంథములు కొలఁదియే. 1925లో గోర్డనుగారితోఁ గూడి యొక మధ్యకాలాంగ్లకావ్యమును పరిష్కరించిరి. 1936లో 'బేవుల్ఫ్' కావ్యమును గూర్చి యుపన్యసించి, దానిని చరిత్రకారులు త్రవ్వుకొను గనిగాఁ గాక కావ్యముగానే చదువవలెనని స్థాపించిరి. ఆయుపన్యాస మొక్కటియే యా కావ్యవిమర్శమార్గమును మఱల్చినది. అయినను గాలమంతయు వ్యర్థముచేసిరని సహోద్యోగులు దెప్పినట్లు వారే యొక లేఖలో వ్రాసికొనిరి. వేసవి సెలవులలో ధనార్జనకై విద్యార్థుల జవాబుపత్రములు దిద్దుచు, ఖాళీగా నున్న యొక పుటపై 'ది హాబిట్' తొలివాక్యమును వ్రాసితినని కూడ వారే చెప్పిరి. ఆకథ 1937లోను, 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' 1954-55 సంవత్సరములలోను అచ్చుపడినవి. ఇది పూర్వపక్షము.

ఇఁక సిద్ధాంతము. టోల్కీనుగారు కథకై భాషలను గల్పింపలేదు. తాము గల్పించిన భాషలు పలుకఁబడుటకై లోకమును గల్పించిరి. అందు క్వెన్యా, సిందారిన్ అనునవి రెండును ఒక్క మాతృభాషనుండి పుట్టినట్లు నిర్మింపఁబడినవి. వృక్షవాచకమగు 'గలదా' యను మూలరూపము క్వెన్యాలో ఆదిగకారమును, నడిమి యచ్చును గోల్పోయి 'అల్దా' యైనది. సిందారినులో గకారము నిలిచి, తుదియచ్చు లోపించి, దకారము మెత్తవడి 'గలధ్' అయినది. కన్నడమున 'కివి' యైనది తెనుఁగున 'చెవి' యైనట్లే యిదియు ధ్వనిసూత్రబద్ధము. ఉత్సర్గములే కాక యపవాదములును, వానికిఁ గారణముగా నొక చరిత్రయు నుండుటచే నాభాషలు కృత్రిమములుగాఁ దోఁపవు. శబ్దశాస్త్ర మెఱుఁగనివాఁడు పదములను గూర్పఁగలఁడు గాని పదములకుఁ బూర్వచరిత్రను గూర్పఁజాలఁడు.

లిపి విషయమున నీసంగతి మఱింత స్పష్టము. 'తెంగ్వార్' అను వారి లిపిలోఁ బ్రధానాక్షరములు 24. అవి ఉచ్చారణస్థానమును బట్టి నాలుగు శ్రేణులుగను, ప్రయత్నమును బట్టి యాఱు తరగతులుగను అమర్పఁబడినవి. వంపును రెట్టించిన శ్వాసము నాదమగును. నిలువుగీఁతను పైకెత్తిన స్పర్శ మూష్మమగును. మన వర్గాక్షరముల యమరిక నెఱిఁగిన బాలుఁడు సైత మీపట్టికను జూచి తనదే యనుకొనును. ఇది మన శిక్షాగ్రంథములనుండి గ్రహింపఁబడినదని నే ననను. స్థానప్రయత్నములను శ్రద్ధతో విచారించినవాఁ డెవ్వఁడైనను ఈమార్గమునకే వచ్చునని మాత్రము చెప్పుదును.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను క్రీడను బ్రకటించిరి. ఒకఁడు కథకుఁడుగా నుండఁగా, తక్కినవారు పాత్రలను ధరించి పాచికల పాటునుబట్టి కథను నడుపుట యిందలి పద్ధతి. మఱుసటి యేఁటనే మినెసోటా విశ్వవిద్యాలయమున దక్షిణాసియా విషయములను బోధించుచుండిన ఎం. ఎ. ఆర్. బార్కరుగారి 'ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్' వెలువడినది. 1929లో జన్మించిన వీరు 1951లో భాషాధ్యయనమునకై భారతదేశమునకు వచ్చిరి. ఆరిగన్ ప్రాంతపు ఆదిమజాతులదగు క్లామత్ భాషకు నిఘంటువును 1963లోను, వ్యాకరణమును 1964లోను బ్రకటించిరి; ఉర్దూ పాఠ్యగ్రంథమును గూర్చిరి. వీరి 'టెక్యుమెల్' లోకమునకుఁ ద్సోల్యానీ యను భాషయుఁ గలదు. ఐరోపా పురాణములను విడిచి దక్షిణాసియా, మధ్యామెరికా సంస్కృతుల ఛాయలతో నాలోకమును నిర్మించుట వీరి విశేషము.

కాని యొక కఠోరసత్యమును దాఁచరాదు. 1991లో మాఱుపేరుతో వెలువడిన నాజీపక్షపాతముగల నవల యొకటి వీరిదేయని, వీరి కృతులను సంరక్షించు సంస్థయే 2022లో నంగీకరించినది. పరజాతుల భాషలను జీవితాంతము సేవించిన పండితుఁడు జాతిద్వేషమును బోషించు గ్రంథమును వ్రాసెను! శాస్త్రము లోకనిర్మాణశక్తి నీఁగలదు. చిత్తశుద్ధి నిచ్చునను భరోసా లేదు.

తుదకు మఱియొక యాచార్యుని గూర్చి చెప్పవలెను. టోల్కీనుగారు 1973లో దివంగతులైరి. వారి కుమారుఁడును ఆక్స్‌ఫర్డున న్యూ కళాశాలాధ్యాపకుఁడునగు క్రిస్టఫరుగారు 1975లో నుద్యోగమును వదలి తండ్రి వ్రాఁతప్రతులను బరిష్కరింపఁబూనిరి. 1977లో 'ది సిల్మరిలియన్' వెలువడినది. 1983 మొదలు 1996 వఱకుఁ బండ్రెండు సంపుటములలో పాఠభేదములతో నాలోకచరిత్ర వెలువడినది. ప్రాచీనతాళపత్రములకు మన మే పద్ధతిని బాటింతుమో, యా పద్ధతినే తండ్రి కాగితములకు వీరు పాటించిరి.

కావున కల్పన శాస్త్రమునుండి యప్పు తీసికొని యెగవేయలేదు. పాఠపరిష్కరణరూపమున వడ్డితో మఱల నిచ్చినది. వ్యాకరణము శవపరీక్ష యని నిందించువారికి నీచరిత్రమే ప్రత్యుత్తరము. మన పాఠశాలలలో సూత్రమును వల్లించు బాలుఁడు దానితో నొక క్రొత్తమాటను గట్టి చూపినయెడల, దానిని దప్పుగా దిద్దుటకు ముందు ఏ సూత్రముచే గట్టితివని యడుగుట గురువునకు ధర్మము.