ఇన్‌ఫ్లూయెంజా నాటి చలనచిత్రములు

2020 మార్చిలో కోవిడ్ భయమున హైదరాబాదులోని సినిమాశాలలు మూతపడినపుడు, ఇట్టిది లోకమున నెన్నడును జరుగలేదని పలువురనిరి. జరిగినది. 1918లో ఇన్‌ఫ్లూయెంజా అను విషజ్వరము భూమండలమంతయు వ్యాపించెను. మన దేశమునందే కోటిమందికి పైగా మృతినొందిరి. అంతటి సంహారమునెదుట వినోదముమాట యేమని మీరడుగవచ్చును. చూచువారికది వినోదమే, చేయువారికది కూడు.

చలనచిత్రముల తయారీకి అమెరికాలోని లాస్ ఏంజలెస్ నగరము అప్పటికే ముఖ్యస్థానము. ఆనాటివి మూకచిత్రములు. ఆ యేట అక్టోబరు 11వ తేదీన నగరమందలి బడులు, ప్రార్థనాలయములు, చిత్రశాలలు మూయబడెను. శాలల తలుపులు మరల తెఱచుట డిసెంబరు 2న. ఏడువారములకు పైమాట! చిత్రము శాలలో ఆడిననే అద్దె వచ్చును. అద్దె వచ్చిననే నిర్మాత మఱియొకదానికి పెట్టుబడి పెట్టగలడు. కావున నిర్మాతల సంఘమువారు అక్టోబరు 15 మొదలుకొని కొంతకాలము క్రొత్తచిత్రములను విడుదల చేయరాదని తీర్మానించిరి. పెక్కు స్టూడియోలలో పని నిలిచిపోయెను.

హెరాల్డ్ లాక్‌వుడ్ అను నాయకపాత్రధారి ఆ దినములందు మిగుల ప్రసిద్ధుడు. ఆ జ్వరముచేతనే అక్టోబరు 19న న్యూయార్కులో మరణించెను. వయస్సు 31 ఏండ్లు. ఒక చిత్రము సగములో నుండెను. వేఱొకని నిలిపి, ముఖము కానరాకుండ వెనుకనుండి చిత్రించి, దానిని ముగించిరి. నిర్దయయని నాకు తోచును. కాని ఆ చిత్రము నిలిచిపోయినచో ఎందఱి కూలి మునిగెడిదో!

జ్వరము తగ్గెను గాని అప్పు తగ్గలేదు. చిన్నశాలల యజమానులు పలువురు మరల లేవలేకపోయిరి. తరువాత పారమౌంట్ అని పేరుగాంచిన కంపెనీకి అధిపతియైన అడాల్ఫ్ జూకర్ 1919లో కోటి డాలర్ల మూలధనము సేకరించి, శాలలను కొన మొదలిడెను. జ్వరమొక్కటియే యిందుకు కారణమని నేననను. పోటీకంపెనీల భయము అంతకంటె బలమైనది. అయినను దెబ్బతిన్నవాడు బేరమాడలేడు గదా. క్రమముగా చిత్రము తీయువాడును, పంచువాడును, ఆడించువాడును ఒక్కడేయయ్యెను. స్వతంత్రనిర్మాతకు తలుపు దొరకుట దుర్లభమయ్యెను.

ఆ పద్ధతి చట్టవిరుద్ధమని అమెరికా అత్యున్నత న్యాయస్థానము 1948లో తీర్పు చెప్పెను. పెద్దకంపెనీలు శాలలను వదలుకొనవలసి వచ్చెను. ఆ కట్టుబాటును న్యూయార్కులోని యొక న్యాయస్థానము రద్దుచేసినది 2020 ఆగస్టులో. కోవిడ్ కారణమున ఆ దేశమందలి చిత్రశాలలు అప్పటికి చాలవఱకు మూతపడియే యుండెను.